ఎడమ మడ్గార్డు

నేను కొలతల మనిషిని.
మోదెనాకు ఇవతల, జాంబ్రెల్లి వారి పాత షెడ్డులో
ముసలి కార్లను లేజరు గీతతో తడుముతుంటాను.
నిన్న జెనీవా నుంచి ఒకటి వచ్చింది,
అరవై మూడో సంవత్సరంది, మాగిన చెర్రీ రంగు.
తెరమీద ఎర్రగా వెలిగింది:
ఎడమ మడ్గార్డు, రెండు మిల్లీమీటర్లు ఎక్కువ.
సరిచేయనా, అని అడిగింది యంత్రం.

బయట నవంబరు.
పొగమంచులో గేటు లేదు, రోడ్డు లేదు,
సైకిలు గంట ఒక్కటే వెళ్తోంది, మనిషి లేకుండా.

ఈ కంపెనీ మొదట తోడింది నీళ్ళు.
గ్వాల్తియేరో జాంబ్రెల్లి బీటుదుంప చేలకు పంపులు చేసేవాడు.
యుద్ధం ముగిశాక
నది ఇసుకలో కూలిన విమానాల రెక్కల్ని
తూకానికి కొన్నాడు.
ఎగరడం మరిచిపోని రేకు, అని
అమ్మకాల పుస్తకాల్లో తర్వాత రాసుకున్నారు.
అసలు సంగతి, వేరే రేకుకు చేతిలో డబ్బుల్లేవు.

ఆ తర్వాత పన్నెండు సిలిండర్లు,
కప్పులు, దండలు, మలుపులో మిగిలిపోయిన ఇద్దరు కుర్రాళ్ళు
(వాళ్ళ ఫొటోలు క్యాంటీన్లో ఉన్నాయి, కాఫీ యంత్రం పైన).
రెండుసార్లు దివాలా. ఒకసారి బ్యాంకు కొంది, ఒకసారి జర్మన్లు.
సమ్మె జరిగిన ఏడాది
గేటుకు ఎర్రజెండా కట్టి పదకొండు రాత్రులు లోపలే ఉన్నారు,
అమ్ముడుపోని కార్లు వరసగా నిలబడి ఉంటే
చలికి వణుకుతూ నేలమీద పడుకున్నారు.
సీటు తోలు నలుగుతుందని.

ఎర్మెస్ బొండవల్లి మడ్గార్డులు కొట్టేవాడు.
నక్షా లేదు. ఒక చెట్టు మొద్దు, ఇసుక సంచి, మూడు సుత్తులు.
కమ్మరి చేతికి కంసాలి ఓపిక అతికించినట్టు
దెబ్బమీద దెబ్బ, వెయ్యి దెబ్బలకు ఒక వంపు.
రేకు పలికే తీరుని బట్టి దాని మందం చెప్పేవాడట.
గోడకు అవతల దోసోలినా సీట్లు కుట్టేది.
ఇటు సుత్తి ఆగితే అటు సూది ఆగేది.
వాళ్ళు పెళ్ళి చేసుకున్నారా అంటే, లేదు.
ఆమె తాపీమేస్త్రీని చేసుకుంది.

ఎర్మెస్ జీవితంలో ఒక్కసారే ఎక్కాడు తాను చేసిన కారు.
పరీక్ష డ్రైవరు రాత్రిపూట కొండదారిన తీసుకెళ్ళాడు,
చెట్లు గీతలయ్యే వేగంలో.
దిగాక, ఎలా ఉందని అడిగితే
చాలాసేపు ఆలోచించి, కుడి తలుపు మూలుగుతోందన్నాడు.
సైకిలెక్కి ఇంటికి పోయాడు.

సినిమా తారలు కొన్నారు, చక్కెర వ్యాపారులు కొన్నారు,
రోడ్లే లేని దీవి యజమాని ఒకడు రెండు కొన్నాడు.
ఏం కొన్నారో వాళ్ళకు తెలుసా అని నవ్వుకునేవాణ్ణి,
నాది పాత డీజిలు డబ్బా కాబట్టి.
కానీ ఈ పొద్దున నేనే తాళం తిప్పాను.
ముందు ఒక దగ్గు, ఒక గొంతు సవరింపు,
తర్వాత చీజ్ కాచే రాగి కాగులో
తేనెపట్టు విదిలించినట్టు లేచింది చప్పుడు.
నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.
దానికి ధర ఎంతని వాటికి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కార్పిలో వృద్ధాశ్రమానికి వెళ్ళాను.
ఎర్మెస్‌కి తొంభై నాలుగు. చెవులు రెండూ సుత్తికి ఇచ్చేశాడు.
కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను:
ఎడమది, రెండు మిల్లీమీటర్లు, ఎందుకు?
పక్క కుర్చీ ముసలాయన గట్టిగా చదివి, నాకన్నా ఎక్కువ ఆత్రంగా చూశాడు.
జ్వరమా? గొడవా? గోడకు అవతల సూది ఆగిన రోజా?
ఎర్మెస్ కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకున్నాడు.
అయితే, అన్నాడు, కుడిదే తప్పయి ఉంటుంది.
సూపు చల్లారిపోతోందని నర్సు నన్ను పంపేసింది.

తెరమీద ప్రశ్న ఇంకా వెలుగుతూనే ఉంది.
దీపాలు ఆర్పేశాను.
చీకట్లో రెండు మడ్గార్డుల మీదా రెండు అరచేతులు పెట్టి
కళ్ళు మూసుకుని నిలబడ్డాను,
ఎంతసేపో.
ఏది ఎక్కువో నాకు తెలియలేదు.
ఎడమది కాస్త వెచ్చగా ఉంది.
అటువైపే హీటరు ఉంది, నిజమే.